ఫేవరెట్స్‌లో హజరత్తయ్య

చిల్లకూరు దగ్గర హైవే పక్కనున్న రొయ్యల ఎగుమతి కంపెనీలో అబిగయీలు కాగితాల సెక్షన్ చూసేది. చెరువులో పెరిగిన రొయ్య పైదేశం పళ్ళెంలోకి చేరేలోపు దాని వెంట పద్నాలుగు రకాల కాగితాలు నడవాలి. ఏ చెరువుది, ఎప్పుడు పట్టారు, ఏ మందు వాడలేదు, ఎంత చలిలో పెట్టారు, ఇవన్నీ ఒకే అంకెలు ఒకే తేదీలతో పద్నాలుగు చోట్ల నింపాలి. ఒక్క అంకె తేడా వస్తే కంటైనర్ రేవులోనే ఆగిపోతుంది.

రెండేళ్ళ కిందట మేనేజర్ నరేంద్రబాబు ఆమె కంప్యూటర్లో ఒక ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ పెట్టించాడు. మనిషి మౌసుతో, కీబోర్డుతో చేసే పనిని అదే చేసిపెడుతుంది. ఈ ఫైలు తెరువు, ఇక్కడ నొక్కు, ఫలానాది కనిపించేదాకా ఆగు, ఇలాంటి చిన్నచిన్న యాక్షన్లు అందులో మూడువందలకు పైగా ఉన్నాయి. కావలసినవాటిని ఏరి వరసగా పేరిస్తే పని తయారవుతుంది. చిక్కంతా ఏరడంలోనే ఉంది. ప్రతిసారీ మూడువందల్లో వెతుక్కోవాలి. దొరికాక ఎన్ని సెకన్లు ఆగాలో, ఏ బటన్ నొక్కాలో మళ్ళీ మొదటినుంచి నింపాలి.

నాలుగు నెలలు అలా అవస్థ పడ్డాక, తెరకు ఎడమపక్కన ఫేవరెట్స్ అనే చోటు ఒకటి ఉందని అబిగయీలు కనిపెట్టింది. ఒకసారి సరిచేసుకున్న యాక్షన్‌ను అక్కడ దాచి, దానికి నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. మళ్ళీ కావలసినప్పుడు అన్ని వివరాలతో సహా లాక్కొచ్చి వాడుకోవచ్చు. ఆ రోజు ఆమెకు వంటింట్లో డబ్బాలన్నిటికీ మూతలు దొరికినంత సంతోషమైంది. వారం తిరక్కుండానే నలభై యాక్షన్లు దాచుకుంది. పొద్దుట వాడేవి ఒక గుంపు, కంటైనర్ బయల్దేరేటప్పుడు వాడేవి ఒక గుంపు, ఏదైనా తప్పు దొర్లితే వాడేవి ఒక గుంపు, ఇలా సర్దుకుంది.

అయితే పేర్ల దగ్గర ఇబ్బంది వచ్చింది. ఆగమని చెప్పే యాక్షన్లే ఆరు రకాలున్నాయి. ఆగు ఒకటి, ఆగు రెండు అని పెడితే ఏది ఏదో గుర్తుండడం లేదు. అప్పుడామె మనుషుల పేర్లు పెట్టింది.

కంప్యూటర్ తెర మీద తెరిచి ఉన్న కిటికీలన్నీ ఆరు గంటలకు అడక్కుండా మూసేసే యాక్షన్‌కు బెన్హర్ అని పెట్టింది. బెన్హర్ ఆఫీసు వాచ్‌మన్. ఆరు కొట్టగానే లోపల ఎవరున్నారో చూడకుండా లైట్లు ఆర్పేస్తాడు. లెక్కల షీటులో ఖాళీ వరసలు తీసేసే యాక్షన్‌కు చెంచులక్ష్మి అని పెట్టింది. చెంచులక్ష్మి రోజూ ఆఫీసు ఊడుస్తుంది. ఎగుమతి అనుమతులు ఇచ్చే సైటులో, పేజీ తెరుచుకోకముందు కనిపించే గుండ్రం తిరుగుతున్నంతసేపూ కదలకుండా ఆగి, అది నిలిచాక 'సరే' అన్న బటన్‌ను ఒక్కసారంటే ఒక్కసారే నొక్కే యాక్షన్‌కు హజరత్తయ్య అని పెట్టింది.

హజరత్తయ్య ఆ ఆఫీసులో వచ్చే ఉత్తరాలు, పోయే ఉత్తరాలు రాసుకునే గుమాస్తా. అప్పటికి యాభై ఆరేళ్ళవాడు. కంప్యూటర్ ముట్టినవాడు కాదు. అబిగయీలు చేరిన కొత్తలో కంగారుగా ఆ బటన్‌ను రెండుసార్లు నొక్కితే, ఒక కంటైనర్‌కు రెండు దరఖాస్తులు వెళ్ళి నాలుగు రోజులు ఆగిపోయింది. అందరూ తలా ఒక మాట అన్నారు. హజరత్తయ్య ఒక్కడే ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"గుండ్రం తిరగతా ఉన్నంతసేపు చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకోమ్మా," అన్నాడు. "అది మనల్ని మర్చిపోలేదు. వస్తాది."

ఆ మాట ఆమెకు ఎంత పనికొచ్చిందంటే, ఆ యాక్షన్‌కు వేరే పేరు తోచలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ నెలనెలా చెన్నైలోని హెడ్డాఫీసుకు ఒక రిపోర్టు పంపుతుంది. అందులో మొదటి గడిలో 'పేరు' అని, రెండో గడిలో 'చేసిన పనులు' అని ఉంటాయి. ఆ పేర్లు ఫేవరెట్స్‌లోని పేర్లని హెడ్డాఫీసుకు ఎవరూ చెప్పలేదు. ఆరు నెలలు గడిచాక ఒక సోమవారం నరేంద్రబాబు అబిగయీలును తన గదికి పిలిచాడు. బల్ల మీద ఒక ఉత్తరం ఉంది.

"హజరత్తయ్య పోయిన నెలలో పదకొండు వేల ఆరువందల నలభై పనులు చేసినాడంట," అన్నాడు. "ఒక్క తప్పు లేదంట. ఆదివారాలు కూడా వచ్చినాడంట. ఆయన్ను సీనియర్ అధికారిగా పెంచుతుండారు."

అబిగయీలుకు విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "సార్, అది మనిషి కాదు. నా ఫేవరెట్స్‌లో యాక్షన్. నేనే ఆ పేరు పెట్టినాను."

"నాకు తెలుసమ్మా. ఇప్పుడే కనుక్కున్నాను."

"అయితే ఆ మాట రాసేద్దాం సార్."

నరేంద్రబాబు ఆరు రిపోర్టులు తీసి ఆమె ముందు పరిచాడు. ప్రతి దాని కిందా 'పరిశీలించి సరిగా ఉన్నట్టు ధ్రువీకరించడమైనది' అని ఉంది. దాని కింద ఆయన సంతకం.

"ఆరుసార్లు పరిశీలించినానంటమ్మా నేను," అన్నాడు ఆయన. "ఇప్పుడు ఏమని రాసేది?"

అలా హజరత్తయ్య సీనియర్ అధికారి అయ్యాడు. ఆఫీసు హాల్లో ఆయనకు శాలువా కప్పారు. సన్మానపత్రంలో అలుపెరగని ఓర్పు, ఒక్కసారే నొక్కే నిగ్రహం అని రాసి ఉంది. హజరత్తయ్య దాన్ని రెండుసార్లు చదువుకుని అబిగయీలు దగ్గరకొచ్చాడు.

"ఇదంతా నా గురించేనా అమ్మా?"

ఆమె ఆయన్ను తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి అంతా చూపించింది. ఫేవరెట్స్‌లో ఆయన పేరు, దాన్ని లాగి వరసలో పెట్టడం, గుండ్రం తిరగడం, ఆగడం, ఒక్కసారి నొక్కడం. హజరత్తయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా చూశాడు.

"బాగా చేస్తుండాడు," అన్నాడు నెమ్మదిగా. "నాకంటే ఒక పిసరు బాగానే చేస్తుండాడు."

అప్పటినుంచి హెడ్డాఫీసు మిగతా పేర్లను కూడా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది. గత నెలలో ఆరువందల ఫైళ్ళను వాటి సొంతదారుల అనుమతి లేకుండా మూసేసినందుకు సంజాయిషీ ఇవ్వాలని వాచ్‌మన్ బెన్హర్‌కు నోటీసు వచ్చింది. బెన్హర్ దాన్ని చదివించుకుని జవాబు తనే చెప్పి రాయించాడు. సాయంత్రం ఆరు తర్వాత తెరిచి ఉన్నవన్నీ మూయడం తన డ్యూటీ అని, పదకొండేళ్ళుగా మూస్తున్నానని, ఇకముందు కూడా మూస్తానని అందులో ఉంది. హెడ్డాఫీసు ఆ జవాబుతో తృప్తి పడింది. తొలగించిన ఖాళీ వరసలను ఎక్కడ పారవేస్తున్నారో తెలపమని చెంచులక్ష్మిని అడిగారు. పంచాయతీ ట్రాక్టర్లో వేస్తున్నానని ఆమె చెప్పింది. అది కూడా ఫైల్లో చేరింది.

రెండు నెలల తర్వాత అసలు ఉత్తరం వచ్చింది. తడలో ఉన్న కంపెనీ శాఖలో కాగితాలు బాగా వెనకబడ్డాయని, హజరత్తయ్యను తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా డెప్యుటేషన్ మీద అక్కడికి పంపమని అందులో ఉంది.

ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఫేవరెట్స్‌ను మూటగట్టి ఒక ఫైలుగా చేసి ఇంకో కంప్యూటర్లో దించుకోవచ్చు. అబిగయీలు పావుగంటలో ఆ ఫైలు తయారుచేసి తడకు పంపించింది. అయితే సిబ్బంది విభాగం వాళ్ళు హజరత్తయ్య పేరుమీద బదిలీ ఉత్తర్వు, బస్సు పాసు కూడా పంపారు. ఉత్తర్వు చేతికొచ్చాక వెళ్ళకుండా ఉండడం ఆయనకు చేతకాదు. మరుసటి పొద్దున టిఫిన్ క్యారియర్ పట్టుకుని తడ బస్సెక్కాడు.

తడ శాఖలో కాగితాలు చూసే అతని పేరు క్రీస్తురాజు. అతను హజరత్తయ్యకు తన పక్కన కుర్చీ వేసి, అబిగయీలు పంపిన ఫైలు దించి, యాక్షన్ నడిపించాడు. గుండ్రం తిరిగింది. ఆగింది. 'సరే' బటన్ వచ్చింది. దాన్ని ఎవరూ నొక్కలేదు. మధ్యాహ్నమైంది. హజరత్తయ్య పెరుగన్నం తిని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. సాయంత్రమైంది. రెండో రోజు కూడా అలాగే గడిచింది. ఆ కంపెనీలో అందరికంటే ఓర్పున్న మనిషి వచ్చాడని ముందే విని ఉన్నందువల్ల అక్కడివాళ్ళెవరూ ఏమీ అనలేదు.

మూడో రోజు పొద్దున హజరత్తయ్య ఫోన్ చేశాడు.

"అమ్మా, నేను ఎదురు చూస్తుండాను. వాడూ ఎదురు చూస్తుండాడు. మా ఇద్దర్లో ఎవురో ఒకరు కదలాల గదా."

"తెర మీద ఏం కనపడతా ఉంది అన్నా?"

"'సరే' అని కనపడతా ఉంది."

"నా కంప్యూటర్లో చూసినారు గదా, అట్టనే ఉందా?"

హజరత్తయ్య కొంచెం ఆలోచించాడు. "లేదమ్మా. ఇక్కడ లావుగా ఉంది. క్రీస్తురాజుకు చూపు ఆనదంట. అక్షరాలన్నీ పెద్దవి చేసి పెట్టుకున్నాడు."

అబిగయీలుకు తెలిసిపోయింది. ఆ యాక్షన్ బటన్‌ను బొమ్మను బట్టి గుర్తుపడుతుంది. తన దగ్గర తీసిన బొమ్మ సన్నగా ఉంది, తడలో బటన్ లావుగా ఉంది. తను వెతుకుతున్నది ఎదురుగానే ఉన్నా అది పోల్చుకోలేకపోతోంది.

"అన్నా, మౌసు పట్టుకోండి," అంది.

"నేనా?"

"మీరే."

ఆమె ఫోన్లో ఒక్కో మెట్టు చెబుతుంటే హజరత్తయ్య జీవితంలో మొదటిసారి మౌసు పట్టుకున్నాడు. ఫేవరెట్స్‌లో తన పేరు మీదకు బాణం తీసుకెళ్ళాడు. తెరిచాడు. పాత బొమ్మ తీసేసి, లావు బటన్ చుట్టూ గీత గీసి కొత్త బొమ్మ పెట్టాడు. దానికి నలభై నిమిషాలు పట్టింది. మళ్ళీ నడిపించగానే తడలో వెనకబడ్డ దరఖాస్తులన్నీ ఒకటొకటిగా కదిలాయి. సాయంత్రానికి ముప్ఫై ఒకటి పూర్తయ్యాయి.

"వాడికి కళ్ళజోడు పెట్టినానమ్మా," అని ఆయన బస్సులోంచి ఫోన్ చేసి చెప్పాడు. ఆ గొంతులో అంతకుముందెప్పుడూ లేని హుషారు ఉంది.

ఇటు చిల్లకూరులో మాత్రం పని ఆగిపోయింది. డెప్యుటేషన్ మీద తడలో ఉన్న ఉద్యోగి అదే సమయంలో చిల్లకూరులో పనిచేస్తున్నట్టు రిపోర్టులో కనిపించేసరికి, హెడ్డాఫీసువాళ్ళు చిల్లకూరులో ఆ పేరున్న యాక్షన్‌ను అక్కడినుంచే ఆపేశారు. అబిగయీలు రెండు కంటైనర్లు చేత్తో నింపింది. మూడోదానికి ఇక వేళ్ళు తిరగలేదు. హజరత్తయ్యకు నకలు ఒకటి తీసి, దానికి మరో పేరు పెట్టడం తప్ప దారి లేదనిపించింది. ఆ రోజు ఆమె ఇంటినుంచి ఆలస్యంగా వచ్చింది. బయల్దేరేటప్పటికి, మంచం దగ్గర పెట్టిన కాఫీ తాగకుండా ఆమె అత్త ఆనందకుమారి వాకిట్లో కూర్చుని కుళాయి నీళ్ళ కోసం చూస్తూ ఉంది. ఆ రూపం కళ్ళముందు మెదిలి, ఆమె ఆ నకలుకు ఆనందకుమారి అని పెట్టింది.

పది రోజుల్లో సిబ్బంది విభాగం నుంచి ఉత్తరం వచ్చింది. ఆనందకుమారి అనే ఉద్యోగి పని సంతృప్తికరంగా ఉన్నప్పటికీ ఆమె నియామక పత్రం తమ దగ్గర లేదని, ఆధార్ నకలు, రెండు ఫోటోలు, చర్చి పాస్టరు లేదా ఊరి పెద్ద ఇచ్చిన సత్ప్రవర్తన పత్రం వెంటనే పంపమని అందులో రాశారు. నరేంద్రబాబు ఈసారి ఉత్తరం చదవలేదు. చదివితే తెలిసినట్టవుతుందని దాన్ని నేరుగా అబిగయీలు చేతికిచ్చాడు.

డెబ్భై ఒక్కేళ్ళ ఆనందకుమారి కోడలు చెప్పినదంతా విని, కళ్ళజోడు సర్దుకుంది.

"అంటే నాకు ఉద్యోగం వచ్చిందా?"

"నిజం ఉద్యోగం కాదు అత్తా. పేరు మాత్రమే."

"ఉత్తరంలో నా పేరే గదా ఉంది. ఇంతకీ నేను ఆడ ఏం పని చేస్తుండాను?"

"ఎదురు చూస్తుండావు."

"ఎంతసేపు?"

"వచ్చేదాకా."

ఆనందకుమారి చేతిలోని ఉత్తరం మడిచింది. "అది నాకు కొత్త కాదులే," అంది. "రేషన్ షాపు కాడ చూసినాను, ఆస్పత్రి కాడ చూసినాను, మీ మామ తాగొచ్చే రోజుల్లో గుమ్మం కాడ చూసినాను. అప్పుడు ఎవురూ ఉత్తరం ఇయ్యలా."

అడిగిన కాగితాలన్నీ పంపాక నియామకపత్రం వచ్చింది. అందులో జీతం ఊసు లేదు కాని హోదా ఉంది, ప్రొబేషన్ ఆరు నెలలని ఉంది. ఆనందకుమారి అక్షరం అక్షరం చదివి, పనివేళలు తొమ్మిది నుంచి ఆరు అని చూసి, మరునాటి నుంచి కోడలి వెంట ఆఫీసుకు రావడం మొదలుపెట్టింది. అబిగయీలు వద్దని చెప్పి చూసింది. ప్రొబేషన్లో ఉన్నవాళ్ళు ఇంట్లో కూర్చోకూడదని ఆమె వాదన. కంప్యూటర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, గుండ్రం తిరిగినంతసేపు తెరవైపు చూసేది. అది నిలిచి బటన్ పడగానే తల ఊపేది. ఆదివారం ఆరాధనకు వెళ్ళాలి కాబట్టి ఆ రోజు పనిచేయనని మొదటి వారమే చెప్పింది. అబిగయీలు ఆ యాక్షన్‌ను ఆదివారాలు నడవకుండా మార్చింది. ఆదివారం కంటైనర్లు సోమవారం వెళ్ళాయి. హెడ్డాఫీసు దాన్ని సెలవు నిబంధనల కింద ఆమోదించింది.

అంతా ఒక పద్ధతిలో పడిందనుకున్న సమయంలో హెడ్డాఫీసు నుంచి ఏడాది చివరి సిబ్బంది జాబితా వచ్చింది. అందులో హజరత్తయ్య మొదట ఉన్నాడు. ఆనందకుమారి నాలుగో స్థానంలో, బెన్హర్ ఆరో స్థానంలో ఉన్నారు. చిట్టచివర 'అబిగయీలు, చేసిన పనులు: సున్న' అని ఉంది. జత చేసిన కాగితంలో, పద్నాలుగు నెలలుగా ఏ పనీ చేయని ఉద్యోగిని కొనసాగించడానికి కారణం తెలపాలని, పదిహేను రోజుల్లో విచారణ జరుగుతుందని ఉంది.

అబిగయీలు దాన్ని మూడుసార్లు చదివింది. మొదట నవ్వొచ్చింది. రెండోసారి చెవులు వేడెక్కాయి. మూడోసారి ఆమె తన కంప్యూటర్ వైపు చూసింది. పనులు చకచకా నడుస్తున్నాయి. చెంచులక్ష్మి ఖాళీ వరసలు ఊడ్చింది. ఆనందకుమారి ఆగి నొక్కింది. ఒక్కోటీ తను తయారుచేసిందే. ఎన్ని సెకన్లు ఆగాలో తనే తేల్చింది, ఏ గుంపులో ఉండాలో తనే సర్దింది. ఆ తెర మీద మాత్రం ఎక్కడా తన పేరు లేదు. అంతమంది చుట్టూ ఉండగా ఆమెకు ఒంటరిగా అనిపించింది.

విచారణకు హెడ్డాఫీసు నుంచి సుభాషిణి అనే అధికారిణి వచ్చింది. ఇన్నాళ్ళూ ఉత్తరాల కింద సంతకం ఆమెదే. నలభై అయిదేళ్ళుంటాయి, మెడలో కార్డు, చేతిలో లావుపాటి ఫైలు. నరేంద్రబాబు గదిలో బల్లకు ఒకపక్క ఆమె, ఒకపక్క అబిగయీలు కూర్చున్నారు. నరేంద్రబాబు గోడ పక్కన నిలబడ్డాడు. పిలవకపోయినా తడ నుంచి హజరత్తయ్య వచ్చాడు. ఆనందకుమారి ఎలాగూ డ్యూటీలో ఉంది.

"సాక్షులున్నారని చెప్పారు," అంది సుభాషిణి. "ముందు హజరత్తయ్యగారు చెప్పండి. ఈమె ఏం పని చేస్తుంది?"

"నన్ను తయారుచేసింది ఆమే మేడమ్," అన్నాడు హజరత్తయ్య.

సుభాషిణి రాసుకుంది. రాసుకున్నాక తలెత్తి, "మీ వయసెంత?" అని అడిగింది.

"యాభై ఏడు."

"ఆమెకు ముప్ఫై నాలుగని ఉంది ఇక్కడ."

"ఔను మేడమ్."

సుభాషిణి రాసినదాన్ని కొట్టేసింది. ఆనందకుమారి వైపు తిరిగింది. "మీరు చెప్పండి."

"నేను ప్రొబేషన్లో ఉండాను, ఎక్కువ మాట్లాడకూడదు," అంది ఆనందకుమారి. "ఒక్క మాట చెప్తాను. నేను ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు నొక్కాలో ఆమె చెప్తేనే నాకు తెలిసేది. ఆమె లేకుంటే నేను ఊరికే కూర్చోనుంటాను. ఈ పెద్దాయనా అంతే, ఆ వాచ్‌మనూ అంతే. మేమంతా చేసేది ఆమె పనే. మేం తలా ఒకటి చేస్తాం గాబట్టి మా పేర్లు పడినాయి. ఆమె అన్నీ చేస్తాది గాబట్టి పడలేదు."

సుభాషిణి ఫైలు మూసి, నరేంద్రబాబును, సాక్షులను కాసేపు బయట ఉండమంది. తలుపు మూసుకున్నాక ఆమె గొంతు మారింది.

"మాదీ ఈ పక్క కోవూరేమ్మా," అంది. "వీళ్ళు మనుషులు కాదు, యాక్షన్లని నాకు రెండో నెలలోనే తెలిసింది."

అబిగయీలు ఆమె వైపు చూసింది. "మరి చెప్పలేదేం మేడమ్?"

"మొదటి నెల రిపోర్టు మీద నేనూ సంతకం పెట్టినాను. దాని మీద మా పైవాళ్ళు పెట్టినారు. ఇప్పుడు హజరత్తయ్యకు శాలువా కప్పిన ఫోటో చెన్నైలో మెట్ల కాడ వేలాడదీసుండారు. దాన్ని దించమని ఎవురు చెప్తారు?"

"అయితే నా సంగతేంది?"

"రిపోర్టులో పేరు లేకపోతే నేనేం చేయలేను. పేరుంటే ఏమైనా చేయొచ్చు. నాకు మూడున్నరకు బండి ఉంది. నువ్వు ఏదో ఒకటి చెయ్యి."

అబిగయీలు తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. కొత్త యాక్షన్ ఒకటి తెరిచి, దానికి అబిగయీలు అని పేరు పెట్టింది. లోపల ఏం పెట్టాలో తోచలేదు. ఆగడం హజరత్తయ్యది, మూయడం బెన్హర్‌ది, ఊడవడం చెంచులక్ష్మిది. తనదంటూ విడిగా ఏముంది? ఆనందకుమారి పక్కన కూర్చుని చూస్తోంది కాని ఏమీ అడగలేదు. ఎదురుచూడడం ఆమెకు తెలుసు.

చాలాసేపటికి అబిగయీలు ఫేవరెట్స్‌లోంచి ఒక్కో పేరునూ లాగి ఆ కొత్త యాక్షన్ లోపల పెట్టసాగింది. ముందు ఫైళ్ళు తెరిచేవి, తర్వాత చెంచులక్ష్మి, ఆ తర్వాత అంకెలు నింపేవి, ఆనందకుమారి, తప్పు దొర్లితే సరిచేసేవి, చివర బెన్హర్. ఇంతకాలం ఆమె రోజూ పొద్దుట్నుంచి ఒకదాని తర్వాత ఒకటి తన చేత్తో పిలుస్తూ వచ్చింది ఈ వరసలోనే. ఇప్పుడు ఆ పిలవడాన్నే ఒక యాక్షన్ చేసింది. నడిపించింది. వరసగా అందరూ లేచి తమ పని చేసి పక్కకు తప్పుకున్నారు. రిపోర్టులో ప్రతి వరసలోనూ వాళ్ళ పేరు పక్కన అబిగయీలు అని కూడా పడింది.

సుభాషిణి నిలబడి చూసింది. "ఇది ఏం చేస్తుందని రాయమంటావు?"

"పిలుస్తుంది మేడమ్," అంది అబిగయీలు.

సుభాషిణి ఫైలు మీద 'పిలుచు అధికారిణి, పని సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టి, మూడున్నర బండికి వెళ్ళిపోయింది. నోటీసు రద్దయింది.

మరుసటి ఏడు హజరత్తయ్యకు రెండు ఉత్తరాలు ఒకే కవరులో వచ్చాయి. ఒకదానిలో యాభై ఎనిమిదేళ్ళు నిండినందున పదవీ విరమణ అని ఉంది. రెండోదానిలో పని అత్యుత్తమం కనుక మరో అయిదేళ్ళు పొడిగింపు అని ఉంది. ఆయన రెండూ చదివి, మొదటిది తనకని, రెండోది వాడికని తేల్చుకున్నాడు. క్రీస్తురాజుకు లావు అక్షరాల సంగతి జాగ్రత్తగా అప్పజెప్పి, వాడు మొండికేస్తే తిట్టవద్దని, బొమ్మ మారిందేమో చూడమని చెప్పాడు. ఆనందకుమారి ప్రొబేషన్ పూర్తయి ఉద్యోగం ఖాయమైంది. చర్చిలో ఆమె కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు.

అబిగయీలుకు మాత్రం కొత్త ఇబ్బంది వచ్చింది. ఆమె పేరున్న యాక్షన్ రోజూ తొమ్మిదికి తనంతట తనే మొదలై పిలవడం కూడా చేసుకుంటుంటే ఆమెకు కూర్చోవడం తప్ప పని లేదు. సెలవు పెడదామంటే, సెలవు అడిగిన రోజు కూడా ఆమె పేరుమీద వందల పనులు నమోదవుతున్నందువల్ల ఆ రోజు సెలవు చెల్లదని సిబ్బంది విభాగం తిప్పి పంపుతోంది. మూడుసార్లు అలా జరిగాక ఆమె దరఖాస్తు పెట్టడం మానేసింది. ఒక బుధవారం పొద్దున అత్తను వెంటబెట్టుకుని ఆఫీసుకు బదులు తూపిలిపాలెం బస్సెక్కింది.

సముద్రం నెమ్మదిగా ఉంది. వేటకు వెళ్ళొచ్చిన పడవలు రెండు ఒడ్డున ఉన్నాయి. వలలోంచి చేపలు ఏరేవాళ్ళు తప్ప ఎవరూ లేరు. అత్తాకోడళ్ళిద్దరూ పడవ నీడలో కూర్చున్నారు. ఆనందకుమారి చెప్పులు విడిచి కాళ్ళు తడి ఇసుకలో చాచుకుంది కాని, ముఖంలో దిగులు పోలేదు.

"టైమెంత అమ్మే?"

"పదకొండు కావొస్తా ఉంది."

"అంటే నేను ఇప్పుడు పనిలోనే ఉండానా?"

"ఉండావు అత్తా. నేనూ ఉండాను."

"ఎవురైనా ఫోన్ చేసి అడిగితే?"

"అడగరు. రిపోర్టులో ఉన్నాం గదా."

ఆనందకుమారి కాసేపు అలల వైపు చూసింది. ఒకటి వచ్చి పాదాలు తడిపి వెనక్కి పోయింది. ఇంకొకటి వస్తోంది. దానికోసం ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసింది. తర్వాత ఏదో నిశ్చయించుకున్నదానిలా టిఫిన్ క్యారియర్ దగ్గరకు లాక్కుని మూత తీసింది.

"ఇట్టాంటి ఉద్యోగమైతే ఇంకో పదేళ్ళు చేస్తాను," అంది. "చేపల పులుసు నీకు ఎంత పొయ్యమంటావు?"